ఉదాహరణ మనదే అయి ఉండాలి

ఆగస్టు 20, మంగళవారం

పదకోశం రాయాలట. నేను.

ఇవాళ మీటింగులో సూపరింటెండెంటుగారు నన్ను ముందు నిలబెట్టి అడిగారు, తరవాత కూర్చోబెట్టి అడిగారు. ఆదివారం సర్వర్ ఎందుకు పడిపోయింది, తొమ్మిదేళ్ళ కంటి పరీక్షల చార్టులు ఎలా పోయాయి, బ్యాకప్ ఉందన్నారు కదా అదేదీ. నేను రెయిడ్ అన్నాను, ఒకేరోజు రెండు డిస్కులు పోతే అది తట్టుకోలేదన్నాను, సింక్ అన్నాను, రిటెన్షన్ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మేడం, ముప్ఫై ఏళ్ళుగా కళ్ళ డాక్టర్ని. చదువురాని పేషెంటుకి కూడా రెటీనా అంటే ఏంటో అర్థమయ్యేలా చెప్తాను. మీరు చెప్పేది ఇక్కడ ఒక్కరికీ అర్థం కాలేదంటే తప్పు మా అందరిదీనా?"

సెప్టెంబరు అయిదుకల్లా కంప్యూటరు మాటలన్నిటికీ తేలిక తెలుగులో అర్థాలు రాసివ్వాలి. ఆరో తేదీ స్టాఫ్ మీటింగులో అందరికీ పంచుతారు. ప్రతి మాటకీ ఒక ఉదాహరణ. "ఉదాహరణ మన ఆసుపత్రిలో జరిగిందే అయి ఉండాలి. తేదీతో సహా. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే నాకు తెలిసిపోతుంది."

ఆ ఆరో తేదీనే మా కేబుల్ టెక్నీషియన్ బాబాయ్ సంగతి కూడా తేలుస్తారు.

ఎలక్ట్రీషియన్ లేచి చెప్పాడు. బ్యాకప్ మిషన్‌కి వెళ్ళే కేబుల్ వేలాడుతూ కనిపించిందట, దాని మీద కేబుల్ బాబాయ్ చేతిరాత లేబుల్ ఉందట. జులై 8న సర్వర్ గది ర్యాకులో కేబుళ్ళన్నీ తీసి మళ్ళీ పెట్టింది ఆయనే. ఒక్కసారిగా గదిలో అందరి మొహాలూ వికసించాయి. కేబుల్ అంటే అందరికీ అర్థమవుతుంది మరి. సూపరింటెండెంటుగారు నా వైపు తిరిగి "అదేనా కారణం?" అన్నారు.

"అన్నీ చూడాలి సర్" అన్నాను.

అబద్ధం కాదు. అన్నీ చూడాలి.


ఆగస్టు 21

సర్వర్: అడిగినవాళ్ళకి అడిగింది తెచ్చి ఇచ్చే కంప్యూటర్. దీని ముందు ఎవరూ కుర్చీ వేసుకుని కూర్చోరు. అందుకే ఇది ఎలా ఉందో ఎవరూ చూడరు.

రెండో వాక్యం నుంచి కొట్టేశాను. ఇది నా గోడు వెళ్ళబోసుకునే చోటు కాదు.

ఐ.పి. అడ్రస్: నెట్‌వర్క్‌లో ప్రతి మిషన్‌కీ ఉండే నంబరు. ఇంటి నంబరు లాంటిది. ఇల్లు మారితే నంబరు మారుతుంది, మారిందని తెలియాల్సిన వాళ్ళందరికీ చెప్పుకోవాలి.

ఉదాహరణ: జులై 8న.

ఇక్కడ ఆపేశాను. ఇంకో ఉదాహరణ వెతకాలి.


ఆగస్టు 22

మా ఆయన డ్రైవింగ్ నేర్పుతాడు. రోజంతా స్టీరింగు కొత్తవాళ్ళ చేతిలో, బ్రేకు తన కాలి కింద. ఇంటికి వచ్చాక అడిగాడు, "ఏమైంది నీకు? పిలిస్తే పలకవు, పలికితే కరుస్తావు."

"పని" అన్నాను.

"పనికి మూడు రోజుల నుంచి జ్వరమా?"

ఈ డైరీ నాకోసం రాసుకుంటున్నదే కదా. ఇక్కడైనా వరసగా రాస్తాను.

జులై 8న చార్టుల సర్వర్‌కి కొత్త అడ్రస్ ఇచ్చాను. అడ్రస్ మారుస్తుంటే అలారాలు మోగుతాయి, అది మామూలే. నిఘా ప్రోగ్రాం నా ఫోనుకి గంటలో అరవై మెసేజీలు పంపింది. ఆ రోజు మా అత్తగారికి జ్వరం, ఇంటి నుంచి ఫోన్లు కూడా దానిలోనే. విసుగొచ్చి మ్యూట్ నొక్కాను. ఎంతసేపు అని అడుగుతుంది అది: ఒక గంట, ఒక రోజు, నేను చెప్పేదాకా. మూడోది నొక్కాను. మళ్ళీ చెప్పలేదు.

బ్యాకప్ మిషన్‌కి ఫైర్‌వాల్ ఉంది. జాబితాలో ఉన్న అడ్రస్‌ల నుంచి వచ్చినదాన్నే లోపలికి రానిస్తుంది. జాబితాలో పాత అడ్రస్ ఉంది. కొత్తది రాయడం మరిచిపోయాను. ఆ రోజు నుంచి సర్వర్ తన కాపీ తీసుకుని వెళ్ళడం, అది గుమ్మంలోంచే తిప్పి పంపేయడం. అలారం మోగుతూనే ఉంది, నేను నోరు నొక్కేసిన ఫోన్లో.

ముప్ఫై రోజులు దాటిన కాపీలను చెరిపేయమని నేనే పెట్టిన ఏర్పాటు ఒకటుంది, చోటు చాలాలని. కొత్తవి రాకపోయినా అది తన పని తాను చేసుకుపోయింది. ఆగస్టు 6న ఆఖరి మంచి కాపీని కూడా చెరిపింది. పన్నెండు రోజుల తరవాత డిస్కులు పోయాయి.

అయినా అసలు కారణం డిస్కులే. డిస్కులు పోకపోతే ఇవేవీ ఎవరికీ పట్టేవి కాదు.


ఆగస్టు 24, శనివారం

అత్తగారిని మా ఆసుపత్రికే తీసుకెళ్ళాను. ఆవిడకి నీటికాసులు, గ్లాకోమా. తొమ్మిదేళ్ళుగా ఆరు నెలలకోసారి ఫీల్డ్ పరీక్ష. గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి కూర్చుంటే ఎక్కడెక్కడో చిన్న చుక్క మెరుస్తుంది, కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. చూపు అంచుల నుంచి ఎంత తరిగిందో చార్టు గీస్తుంది. ఒక్క చార్టుతో ఏమీ తెలియదు. పాతదాని పక్కన పెడితేనే తెలుస్తుంది.

డాక్టరమ్మ కంప్యూటర్లో వెతికి, వెతికి, నా వైపు చూసి ఊరుకున్నారు. నేను ఎవరో ఆవిడకి తెలుసు.

"పాతవి లేవు మామ్మగారూ. ఇవాళ్టి నుంచే లెక్క మొదలుపెట్టుకోవాలి."

"ఎవరు పోగొట్టారమ్మా?" అన్నారు అత్తగారు, పిన్నీసు పోయినట్టు.

"ఏదో కేబుల్ ఊడిందటండీ" అన్నారు డాక్టరమ్మ.

దారి పొడుగునా ఆవిడ ఆ కేబుల్ పెట్టినవాణ్ణి తిడుతూనే ఉన్నారు. చేతులు విరగ అన్నారు. కళ్ళు లేవా అన్నారు. నేను ఆటో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.


ఆగస్టు 26

బాబాయ్‌ని సర్వర్ గదిలోకి రావద్దన్నారు. తాళంచెవి తీసుకున్నారు. కింద టికెట్ల కిటికీ పక్కన బల్ల వేసి, ఫొటోకాపీ మిషనూ స్కానరూ ఇచ్చి కూర్చోబెట్టారు.

పేషెంట్లకి ఫోన్లు చేస్తున్నారు, ఇంట్లో పాత చార్టుల కాగితాలు ఉంటే తెమ్మని. తెస్తున్నారు పాపం. చిల్లుపడ్డవి, మడతల దగ్గర చిరిగినవి, నూనె మరకలవి. ఒకావిడ తన చార్టు వెనక పిల్లాడు వేసిన బస్సు బొమ్మ ఉందని సిగ్గుపడిపోయింది. బాబాయ్ ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేసి స్కాన్ చేస్తున్నారు. తొమ్మిదేళ్ళలో మనం ఇచ్చిన కాగితాల్లో పదోవంతు వస్తే గొప్ప.

ఈ ఆసుపత్రిలో గోడల్లోపల ఏ తీగ ఎటు పోతుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. పదహారేళ్ళ కిందట నేను చేరినరోజు నా చేతికి లేబుళ్ళ చుట్ట ఇచ్చి, "అమ్మాయ్, పేరు రాయకుండా తీగ పెట్టావంటే పిల్లని సంతలో వదిలేసినట్టే" అన్నారు. కేబుల్ కొనకి ప్లగ్గు బిగించే క్రింపింగ్ నేర్పింది ఆయనే. ఎనిమిది రంగుల తీగల వరస నా వేళ్ళకి ఆయన వల్లే వచ్చు.

ఇవాళ మెట్ల దగ్గర ఎదురుపడ్డారు. "టీ తాగావా అమ్మాయ్?" అన్నారు. ఎప్పటిలాగే.


ఆగస్టు 27

పని చేశాను. రాయడానికేం లేదు.


ఆగస్టు 28

పింగ్: ఒక మిషన్ ఇంకో మిషన్‌ని "ఉన్నావా?" అని అడగడం. "ఉన్నా" అని జవాబొస్తే ఉన్నట్టు. బాగుందా లేదా అన్నది ఇందులో తెలియదు.

ఉదాహరణకి మా అత్తగారు. గదిలోంచి అరగంటకోసారి "ఉన్నావా తల్లీ?" అంటారు, "ఉన్నా" అంటాను, అంతే, పనేం ఉండదు. కానీ ఉదాహరణ ఆసుపత్రిలోదే కావాలి. ప్రింటరుదేదో రాశాను.

లాగ్: ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో సర్వర్ తనంతట తాను రాసుకునే పుస్తకం.

దీనికి ఉదాహరణ వెతుకుతూ నిఘా ప్రోగ్రాం లాగ్ తెరిచాను. ఉంది. జులై 8, మధ్యాహ్నం 3:12, మ్యూట్, గడువు లేదు, పక్కన నా లాగిన్ పేరు. ఒకే లైను.

రూట్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఇక్కడ దేన్నైనా రాయగలను, దేన్నైనా చెరపగలను. చెరపలేదు. చెరపను. అది తప్పు. పదహారేళ్ళలో ఒక్క లాగ్ మీద చెయ్యి వెయ్యలేదు నేను.

లాగ్ అరవై రోజులే ఉంటుంది. ఆ తరవాత దానంతట అదే పోతుంది. జులై 8 నుంచి అరవై రోజులంటే సెప్టెంబరు 6.

నేను లెక్కపెట్టాలని లెక్కపెట్టలేదు.


ఆగస్టు 30

భోజనాల వేళ కిందికి వెళ్ళాను. బాబాయ్ డబ్బా తెరవలేదు. బల్ల మీద పాత కేబుల్ ముక్క పెట్టుకుని, దాని కొనని ఖాళీ సాకెట్‌లో పెట్టి లాగుతున్నారు, మళ్ళీ పెట్టి లాగుతున్నారు.

"చూడు, టక్కుమంటుంది. ఆ చప్పుడు వినకుండా నేను చెయ్యి తియ్యను అమ్మాయ్. ఇరవై రెండేళ్ళలో తియ్యలేదు. కానీ ఆ రోజు విన్నానా లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. పక్కదాని చప్పుడు విన్నాను. కిందదాని చప్పుడు విన్నాను. ఆ పద్నాలుగోది, నీ బ్యాకప్ మిషన్‌ది..."

"వదిలెయ్యండి బాబాయ్."

"వయసు మీద పడింది. నాకే తెలియట్లేదేమో. మా నాన్నకీ ఇట్లాగే మొదలైంది, తాళం వేశానా లేదా అని." నవ్వబోయారు. "నీకు చెడ్డపేరు తెచ్చానే అని నా బాధ. నేను సరిగ్గా పెట్టుంటే నీ బ్యాకప్ ఉండేది కదా."

ఏదో పని ఉందని వచ్చేశాను.

రాయాలి. ఇది కూడా రాయాలి. మొన్న వరసగా రాస్తానని రాసి, ఇది వదిలేశాను.

ఆ కేబుల్ పీకింది నేను. ఆ ఆదివారం, డిస్కులు పోయాయని తెలిసి ఆసుపత్రికి పరిగెత్తాక, బ్యాకప్ మిషన్‌లో ఏముందో చూద్దామని, దానికి వెళ్ళే పద్నాలుగో పోర్టులోంచి కేబుల్ పీకి, ఆ చోట నా ల్యాప్‌టాప్ తగిలించాను. లోపల ఖాళీ. ఒక్క ఫోల్డరు లేదు. ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో తెలియదు. ల్యాప్‌టాప్ తీసేసుకుని వచ్చేశాను, కేబుల్ మళ్ళీ పెట్టలేదు. అదే ఎలక్ట్రీషియన్‌కి కనిపించింది.

జులై 8 నుంచి ఆ ఆదివారం దాకా అది పోర్టులోనే ఉంది. బాబాయ్ పెట్టినట్టే ఉంది. పీకేటప్పుడు నా గోరు విరిగింది, అంత గట్టిగా ఉంది.

మీటింగులో అతను "వేలాడుతోంది" అన్నప్పుడే నాకు గుర్తొచ్చింది. అన్నీ చూడాలి సర్, అన్నాను.


ఆగస్టు 31

గోరు పెరిగింది.


సెప్టెంబరు 1, ఆదివారం

వంటింట్లో అలమర దులుపుతుంటే డబ్బాల కింద పరిచిన కాగితాలు చేతికొచ్చాయి. అత్తగారి చార్టులు! నల్లగా, బూడిద రంగుగా గళ్ళు గళ్ళు. ఎప్పుడో ఆవిడే కత్తిరించి అరకి సరిపోయేలా పరిచారు. పదకొండు దొరికాయి. తేదీలు కొన్ని కత్తెరకి పోయాయి గానీ చాలావరకు ఉన్నాయి.

నాకు పట్టరాని సంతోషం వేసింది. పదిహేను రోజుల్లో మొదటిసారి. నేలమీద కూర్చుని వరసగా పేర్చుకున్నాను. అన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి.

"చూశారా, మీ కన్ను తొమ్మిదేళ్ళుగా ఏమీ చెడలేదు" అన్నాను.

అత్తగారు గోడ పట్టుకుని వెళ్ళి మంచం మీద కూర్చున్నారు. ఈ మధ్య ఆవిడ గోడ పట్టుకునే నడుస్తున్నారని అప్పుడు చూశాను. ఎన్నాళ్ళుగా పట్టుకుంటున్నారో!

కాసేపటికి పిలిచారు. "ఉన్నావా తల్లీ?"

"ఉన్నా."

"రేపు నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. ఆ కాగితాలు తీసుకురా."


సెప్టెంబరు 2

డాక్టరమ్మ కాగితాలు చూసి మురిసిపోయారు. "చాలా మంచిపని చేశారు మామ్మగారూ. ఏమీ తగ్గలేదు, చుక్కల మందు మార్చక్కర్లేదు" అంటుంటే, అత్తగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగమ్మా. అవి నమ్మకు."

డాక్టరమ్మ కాగితాలు బల్ల మీద పెట్టేశారు.

"నాకు కనిపించకపోయినా నొక్కేదాన్ని. ఒకటి మెరిసి ఎంతసేపయిందో లోపల లెక్కేసుకుని, ఇప్పుడు ఇంకోటి వచ్చుంటుందిలే అని నొక్కేదాన్ని. నాలుగేళ్ళ నుంచి అంతే."

"ఎందుకండీ?"

"చూపు తగ్గిందంటే స్టవ్వు ముట్టుకోనివ్వరని. నా వంటిల్లు నాకు లేకుండా చేస్తారని." నా వైపు తల తిప్పారు. సరిగ్గా నా వైపు కాదు, నాకు కాస్త పక్కకి. "ఈ పిల్ల మంచిదే. మంచిది కాబట్టే కూర్చోబెట్టేస్తుంది."

"మరి ఇప్పుడెందుకు చెప్పారు?"

"పాతవి పోయాయంటే హమ్మయ్య అనుకున్నానమ్మా. నిన్న దొరికేసరికి భయమేసింది. నువ్వు వాటిని చూసి మందు ఇస్తావు. అబద్ధపు కాగితం పక్కన పెట్టుకుని నువ్వు మాత్రం ఏం చూస్తావు?"

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. కొన్ని నొక్కులు ఎక్కువున్నాయని మిషన్ చెప్తూనే ఉందన్నారు. పెద్దవాళ్ళు కంగారులో నొక్కుతారులే అనుకున్నారట. మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి ఆవిడ చాలాసేపు నొక్కకుండా కూర్చున్నారు. తలుపు అద్దంలోంచి చూశాను. బొటనవేలు బటన్ మీదే ఉంది, కదలదు. ఆ కదలని వేలు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఎడమ కన్ను అంచులు సగం పోయాయి. మందు పెంచారు. ఇంకా పోకుండా ఆపొచ్చన్నారు, ఇప్పుడు తెలిసింది కాబట్టి.

ఆటోలో ఆవిడ కేబుల్ వాణ్ణి తిట్టలేదు. అలిసిపోయి నా భుజం మీద నిద్రపోయారు.


సెప్టెంబరు 3

చెప్పేస్తాను. బాబాయ్‌కి ముందు చెప్పి, తరవాత సూపరింటెండెంటుగారికి చెప్తాను.

సాయంత్రం. చెప్పలేదు. కిటికీ దగ్గర క్యూ ఉంది.

క్యూ అయిదు నిమిషాల్లో అయిపోయింది. నేను మెట్ల మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆయన స్కానర్ ప్లగ్గు తీసి, పెట్టి, వంగి చూసి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ వంగి చూశారు. మూడుసార్లు.


సెప్టెంబరు 4

ఇవాళ సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని రాశాను. నలభై మూడు మాటలు. డొమైన్, డి.ఎన్.ఎస్., రౌటర్, స్విచ్, బ్యాండ్‌విడ్త్, యూజర్, పర్మిషన్. రాస్తుంటే వచ్చేస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో నాకు తెలుసు.

చివరి నాలుగూ ఇక్కడ కూడా ఎక్కించుకుంటున్నాను.

బ్యాకప్: ఒకటి పోతే వాడుకోవడానికి వేరేచోట దాచిన కాపీ. దాచామనుకుంటే చాలదు, తీసి చూడాలి. ఉదాహరణ: జులై 8 నుంచి ఆగస్టు 18 వరకు మన చార్టులకి బ్యాకప్ లేదు. ఉందని అందరం అనుకున్నాం. ఆ నలభై ఒక్క రోజుల్లో సర్వర్ అడ్మినిస్ట్రేటర్ ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

ఫైర్‌వాల్: జాబితాలో ఉన్నవాళ్ళనే లోపలికి రానిచ్చే కాపలా. ఉదాహరణ: జులై 8న చార్టుల సర్వర్ అడ్రస్ మార్చి, కొత్త అడ్రస్‌ని బ్యాకప్ మిషన్ జాబితాలో రాయడం సర్వర్ అడ్మినిస్ట్రేటర్ మరిచిపోయారు. కాపీలు వెళ్ళకపోవడానికి కారణం ఇదే.

మ్యూట్: అలారం మోగకుండా ఆపడం. అలారం ఆగుతుంది, తప్పు ఆగదు. ఉదాహరణ: జులై 8, మధ్యాహ్నం 3:12కి సర్వర్ అడ్మినిస్ట్రేటర్ గడువు పెట్టకుండా మ్యూట్ నొక్కారు. ఎవరికీ చెప్పలేదు.

పోర్ట్: కేబుల్ తగిలించే చోటు. ఉదాహరణ: పద్నాలుగో పోర్టులో కేబుల్‌ని జులై 8న కేబుల్ టెక్నీషియన్ సరిగ్గా, గట్టిగా పెట్టారు. ఆగస్టు 18 మధ్యాహ్నం దాకా అది అలాగే ఉంది. ఆ రోజు దాన్ని పీకి, మళ్ళీ పెట్టనిది సర్వర్ అడ్మినిస్ట్రేటర్.

సర్వర్ అడ్మినిస్ట్రేటర్ అని నాలుగుసార్లు రాశాక చూసుకున్నాను, ఎవరో మూడో మనిషిలా ఉంది. నాలుగుచోట్లా కొట్టేసి "నేను" అని రాశాను. అడుగున సంతకం పెట్టాను.

మా ఆయన చదివాడు. "ఉద్యోగం పోతుందేమో" అన్నాడు.

"పోవచ్చు."

"నా కాలి కింద ఉండే బ్రేకు లాంటిది నీకూ ఒకటి ఉంటే బావుండేది" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం నవ్వాం. ఎక్కువసేపు నవ్వలేకపోయాం.


సెప్టెంబరు 5

ఇచ్చేశాను. సూపరింటెండెంటుగారికి ఇవాళ ఆపరేషన్ల రోజు. ఆకుపచ్చ టోపీతోనే బయటికొచ్చి, కాగితాల మందం చూసి సంతోషించి, మొదటి పేజీ మీద "నలభై కాపీలు తీయించండి" అని రాసి సంతకం పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. చదవలేదు.

చదవండి సర్, అని ఉండాల్సింది.

కాపీలు తీసేది బాబాయ్. సాయంత్రం ఆయన వెళ్ళాక కిందికి వెళ్ళి ట్రేలో పెట్టి వచ్చేశాను. చేతికివ్వడానికి ధైర్యం చాలలేదు. కాగితం మీద ఉంది కదా, అదే చెప్పినట్టు, అనుకున్నాను.


సెప్టెంబరు 6, శుక్రవారం

పొద్దున్న వస్తూనే లాగ్ తెరిచాను. జులై 8 లేదు. జులై 9 నుంచి ఉంది.

పదకొండింటికి బాబాయ్ పైకొచ్చారు. సర్వర్ గది తలుపు తెరిచే ఉంది. లోపలికి రాలేదు, రావద్దన్నారు కదా, గుమ్మం అవతలే నిలబడ్డారు. చేతిలో ఒక్క కాపీ. బొటనవేలు చివరి పేజీ మీద ఉంది.

"ఈ తేదీలు కరెక్టేనా?"

లేచి నిలబడ్డాను. "కరెక్టే బాబాయ్."

"జులై ఎనిమిదిన నేను పెట్టాను."

"పెట్టారు."

"గట్టిగా."

"గట్టిగానే పెట్టారు. ఆదివారం దాకా కదల్లేదు. నేనే పీకాను. మీటింగులో నాకు తెలిసే..."

ఆయన నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు. భుజాలు దిగాయి. ఒక్క క్షణం ఆయన మొహంలో ఎంత హాయి కనిపించిందంటే, నాకూ ప్రాణం లేచొచ్చింది. అయిపోయిందనుకున్నాను.

కళ్ళు తెరిచారు.

"మొన్న గ్యాస్ కట్టానా లేదా అని బస్టాపు నుంచి రెండుసార్లు ఇంటికి వెనక్కెళ్ళాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మతిమరుపు డాక్టరు దగ్గర రేపటికి చీటీ రాయించింది." కాగితాన్ని మడతపెట్టబోయి, మానేసి, సాపు చేశారు. "పదిహేడు రోజులు."

క్షమించమన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఏడుస్తూ అన్నవి ఆయనకి వినపడ్డాయో లేదో తెలియదు. ఆయన నా వెనక ర్యాకు వైపు చూస్తున్నారు, పద్నాలుగో పోర్టు ఉండే వరస వైపు. అక్కడ ఆయన చేతిరాత లేబుళ్ళు వరసగా వేలాడుతున్నాయి.

తరవాత వెనక్కి తిరిగారు. రెండడుగులు వేసి ఆగి, తల తిప్పకుండానే అడిగారు.

"నలభై కాపీలు చాలా మేడం, ఇంకా తియ్యాలా?"

పదహారేళ్ళలో ఆయన నన్ను మేడం అనడం ఇదే మొదలు.

చాలన్నాను. మీటింగు మూడింటికి.